పదకొండో కిలోమీటరు నుంచి పదిహేడో కిలోమీటరు దాకా

"ఆ రోజుల్లో..." అని నేనేదైనా మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. "ముప్ఫై నిండని దానివి, నీకెక్కడి ఆ రోజులే?" అంటుంది. నా ఉద్దేశంలో ఆ రోజులనేవి ఏళ్ళను బట్టి రావు. ఏ పనిని తలుచుకుంటే గదిలో ఒక్కరమే ఉన్నా చెవులు వేడెక్కుతాయో, ఆ పని చేసిన రోజులే ఆ రోజులు. ఆ లెక్కన నాకు బోలెడు ఉన్నాయి. వాటిలో మొదటి వరసలో నిలబడేది, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తు గదిలో కూర్చుని, వాహనాలు తిరగని అడవి దారుల గురించి రాసిన కాలం. సైకిల్ తొక్కడం రాదు, ఆ ఉద్యోగంలో చేరేదాకా అడవి చూసింది లేదు. రోడ్డు దాటాలన్నా భయమే. (ఇప్పుడంటే నవ్వొస్తోంది గానీ, ఆఫీసున్న అవతలి పక్కకు చేరడానికి రోజూ మెట్రో స్టేషన్ మెట్లెక్కి, ఆ వైపు దిగేదాన్ని. టికెట్ లేకుండా మెట్రోను అంతగా వాడుకున్న మనిషి మరొకరు ఉండరు.)

ఆ ఉద్యోగం దొరికిన తీరే విచిత్రం. డిగ్రీ అయ్యాక మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. మూడింటిలోనూ నా నోట్లోంచి వచ్చినవి "నమస్తే సార్", "థాంక్యూ సార్". మధ్యలో ఏమీ రాలేదు. నాలుగోది ఇది. కళ్ళద్దాల దుకాణం పైన చిన్న గది, గోడకు ఆనించిన ఏడెనిమిది సైకిళ్ళు, బల్ల వెనక మలక్‌పేటలో పుట్టి పెరిగిన ఒక పెద్దమనిషి. నగరం నుంచి జనాన్ని సైకిళ్ళతో సహా అడవులకూ కొండలకూ తీసుకెళ్ళి, ట్రాఫిక్ లేని దారుల్లో తిప్పి తీసుకురావడం ఆయన వ్యాపారం. "మీ ఇల్లు యాడ? ఇక్కడికి ఎట్లొచ్చినవమ్మా?" అని అడిగారు. చేతిలో ఉన్న కాగితం వెనక్కు తిప్పి, ఎల్బీనగర్‌లో మా గేటు దగ్గర నుంచి ఆయన మెట్ల దాకా ప్రతి మలుపూ రాసిచ్చాను. ఎక్కడ కుక్క పడుకుంటుందో, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత సగం తెరిచి ఉంటుందో కూడా. ఆయన అది రెండుసార్లు చదివి, "గిదే! నాకు గిదే కావాలె. రేపటి సంది రా" అన్నారు.

నా పని రూట్ షీట్ రాయడం. సైకిల్ తొక్కేవాళ్ళు హ్యాండిల్‌కు తగిలించుకునే రెండు పేజీల కాగితం అది. ఎన్నో కిలోమీటరు దగ్గర ఎటు తిరగాలి, నీళ్ళెక్కడ దొరుకుతాయి, చూడదగ్గది ఏముంది, అన్నీ తెలుగులో, చదివితే వెళ్ళాలనిపించేలా ఉండాలి. సార్ జీపు నడుపుతూ మీటరు చూసి గట్టిగా చదివేవారు, నేను పక్క సీట్లో రాసుకునేదాన్ని. "ఏడు పాయింట్ మూడు! చింతచెట్టు! ఎడమకు!" అని ఆయన, గీరుగీరుమని నేను. అందుకే డైరీలో ఆయనకు మీటర్ సార్ అని పేరు పెట్టాను. సైకిల్ దారిని జీపులో కూర్చుని రాయడం సరైనదేనా అన్న అనుమానం ఆయనకూ రాలేదు, నాకూ రాలేదు. "సైకిల్ తొక్కుకుంట రాస్తే అక్షరాలు వంకర పోతయమ్మా" అనేవారు ఆయన. నిజమే కదా అనుకునేదాన్ని.

ఆ ఏడాది సార్ నల్లమల అంచున ఒక దారి కనిపెట్టారు. పాత ఘాట్ రోడ్డు. పక్క లోయలో కొత్త రోడ్డు వేశాక బస్సులూ లారీలూ అటు మళ్ళిపోయాయి. ఈ తారు రోడ్డు అడవికి మిగిలిపోయింది. "ఒక్క హారన్ ఇనవడదమ్మా! ఒక్కటంటే ఒక్కటి! ఎల్బీనగర్ చౌరస్తాల నిలవడెటోనికి గది స్వర్గం గాదా?" అని ఊగిపోయారు. మర్నాడే రాసుకురావడానికి బయల్దేరాలన్నారు.

ఇంట్లో చెప్పగానే మా అమ్మ ఘాట్ రోడ్డు అన్న ఒక్క మాటే విన్నది. మాది విజయవాడ వైపు. చిన్నప్పుడు నేను ఏ బస్సెక్కినా కిటికీలోంచి బయటికి చేసిన నిర్వాకం మా బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఇదిగో, వాంతులు రాకుండా మాత్ర. ఒకటి చాలదు నీకు, రెండు వేసుకో. పరాయి మనిషి జీపు, పరువు పోతుంది" అంది. బయల్దేరే ముందు ఒకటి వేసుకున్నాను, కొండ కనబడగానే రెండోది వేసుకున్నాను. పరువు నిలిచింది. పదకొండు పాయింట్ నాలుగు అని రాసుకున్నట్టు గుర్తు. తర్వాత ఎవరో తలుపు తీసి, "దిగమ్మా, జర గాలి పీల్చు, పైకొచ్చినం" అన్నారు. కళ్ళు తెరిస్తే ఎదురుగా కొండలన్నీ కింద ఉన్నాయి. మీటరు మీద పదిహేడు పాయింట్ రెండు.

నేను నిద్రపోయిన సంగతి సార్‌కు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? జీపులో మాట్లాడేది ఎప్పుడూ ఆయనే. మెలకువగా ఉన్నప్పుడు కూడా నేను చేసేది కళ్ళు దించుకుని కూర్చోవడమే కదా. నిద్రకూ నా మామూలు స్థితికీ తేడా కనిపెట్టాలంటే మా అమ్మకే సాధ్యం. ఆ క్షణంలోనే, "సార్, నాకు నిద్రపట్టింది, ఒకసారి వెనక్కి పోదామా" అంటే అయిపోయేది. ఆరు మాటలు. మూడు రోజులు ఆ ఆరు మాటల్నీ డైరీలో రకరకాలుగా రాసి చూసుకున్నాను. (ఒకదాంట్లో 'క్షమార్హురాలిని' అన్న మాట కూడా వాడాను. అది చదివి నేనే భయపడి కొట్టేశాను.) చివరికి ఒక చీటీ మీద, "11.4 నుంచి 17.2 వరకు నేను చూడలేదు సార్" అని రాసి ఆయన బల్ల మీద పేపర్‌వెయిట్ కింద పెట్టి నీళ్ళు తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సార్ ఫోన్లో మాట్లాడుతూ ఆ చీటీ వెనక ట్యూబులు అమ్మే వాళ్ళ నంబరు రాసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. దేవుడు కూడా వద్దంటున్నాడని తీర్మానించుకున్నాను.

ఇక మిగిలింది ఆ ఖాళీని నింపడం. అప్పటికి నేను చదివిన పుస్తకాల్లో అడవులకు లోటు లేదు. మా డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఇలా రాశాను: "పదకొండున్నర దగ్గర నుంచి దారి చదునుగా అడవిలోకి ఒదిగిపోతుంది. ఇరువైపులా వెదురు పొదలు వంగి గొడుగు పడతాయి. కుడిచేతి వైపు ఒక సన్నని సెలయేరు మనతోపాటే నడిచివస్తూ ఉంటుంది. ఇక్కడ కాళ్ళు పెడళ్ళ మీద ఉన్నాయన్న సంగతే మరిచిపోతాం." రాసి, చదువుకుని, నాకే కళ్ళు చెమర్చాయి. అంత బాగుంది.

సార్ చదివారు. "అరే... గీ వాగు నేను చూడనే లేదమ్మా! నడిపెటోనికి రోడ్డు దప్ప ఇంకేం గనవడది. నీ కండ్లు కండ్లు గావు" అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నాలుగు వాక్యాలనూ పెద్ద అక్షరాలతో కరపత్రం మీద అచ్చు వేయించి, ఎల్బీనగర్‌లో మా కాలనీ పార్కుతో సహా నాలుగు పార్కుల గేట్ల దగ్గర పంచిపెట్టించారు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర మా ఓనరమ్మ అడ్డం నిలబడింది. మేము కిరాయికుండే ఇల్లు ఆవిడదే. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు రాకముందు ఆ నేలంతా వాళ్ళ జొన్నచేలట. అరవైకి దగ్గర పడిన మనిషి, చేతిలో కరపత్రం, ముక్కు మీద కళ్ళద్దాలు.

"ఏం బిడ్డా, గీ కాయితంల రాసింది నువ్వేనంట గదా?"

తలూపాను.

"నేను చిన్నగున్నప్పుడు పాల క్యాన్లు గట్టుకొని సైకిల్ మీద మలక్‌పేట దాంక పోతుంటి. పెండ్లయినంక మళ్ల ముట్టలే. ఇప్పుడు తొక్కాలని మస్తు గుంజుతున్నది పానం. గానీ నా మోకాళ్ళ సంగతి నీకెర్కే. దవాఖానల డాక్టరు చదును మీద అయితె తొక్కమన్నడు. గిది చదునే గదా? నువ్వు కండ్లార చూసినవ్ గదా?"

నోరు తెరిచాను. నిజం గొంతు దాకా వచ్చింది. బయటికి మాత్రం "ఊ" అని వచ్చింది. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది: "ఇవాళ ఒకే ఒక్క అక్షరంతో అబద్ధం చెప్పాను." అప్పటిదాకా నా భయమల్లా ఉద్యోగం పోతుందనే. మాట్లాడకపోయినా జీతం ఇచ్చే ఉద్యోగం ఈ నగరంలో మళ్ళీ దొరకదు. ఆ రోజు నుంచి ఓనరమ్మ మోకాళ్ళు కూడా నా నెత్తి మీదకు వచ్చాయి.

ఆదివారం నాడు తొమ్మిది మంది బయల్దేరారు. అందరూ మా కాలనీ పార్కులో పొద్దున నడిచే జట్టే. సైకిళ్ళు డీసీఎం వ్యానులో, మనుషులు ఒక మినీ బస్సులో, వెనక జీపులో సార్, నేను. జట్టుకు పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. గుంటూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పిన మనిషి. అచ్చులో ఉన్నదానిని వేదంలా నమ్ముతారు. అచ్చుకూ నిజానికీ తేడా వస్తే నిజాన్ని సరిదిద్దమనే రకం. ఆయన నా రూట్ షీట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి హ్యాండిల్‌కు కట్టుకున్నారు. అడవి మొదట్లో చెక్‌పోస్టు దగ్గర పేర్లు రాసుకున్న గార్డు, "తారు రోడ్డు దిగొద్దు. బాటలు కనవడ్తయి గని పోవద్దు, లోపలికి పోతే మేం ఎతుకుడు కష్టం" అని అందరికీ వినబడేలా చెప్పాడు.

మొదటి పదకొండు కిలోమీటర్లూ పండగే. ఎదురుగా వచ్చే బండి లేదు, వెనక నుంచి తరిమే హారన్ లేదు. తొమ్మిది మంది పెద్దవాళ్ళు రోడ్డంతా తమదే అన్నట్టు పక్కపక్కన తొక్కుతూ, పెద్దగా కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే చూడ ముచ్చటేసింది. మాస్టారు ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా షీట్ చూసి, "నాలుగు పాయింట్ ఆరు, కల్వర్టు. కరెక్ట్!" అని అరిచేవారు. ఓనరమ్మ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, తలకు తువ్వాలు చుట్టి, నలభై ఏళ్ళ తర్వాత ఎక్కినట్టే లేకుండా తొక్కుతోంది. నేను మాత్రం మీటరు వంకే చూస్తున్నాను. తొమ్మిది. పది. పదిన్నర. మీటరు ఆగిపోతే బాగుండునని ఒక మనిషి అంతగా కోరుకోవడం ఆటోలో తప్ప మరెక్కడా జరగదు.

ఒక చోట టీ ఫ్లాస్కు కోసం మేము ఆగి, తిరిగి జట్టును కలిసేసరికి మీటరు పన్నెండు దాటింది. ఎదురుగా రోడ్డు గోడలా లేచి ఉంది. ఆ రోడ్డు మొదట్లో తొమ్మిది సైకిళ్ళూ ఆగి ఉన్నాయి. మనుషులందరూ రొప్పుతున్నారు. మధ్యలో మాస్టారు షీట్ పట్టుకుని, ప్రశ్నాపత్రంలో తప్పు దొరికినవాడిలా నిలబడ్డారు.

"దారి తప్పాం," అన్నారు మాస్టారు. "షీట్‌లో చదును అని ఉంది. ఇది చదునా? షీట్‌లో వెదురు ఉంది. ఇక్కడ వెదురు ఏదీ? అదిగో, ఆ ఎడమవైపు బండ్ల బాట చూడండి. లోపల వెదురు కనబడుతోంది. బాట కూడా చదునుగా ఉంది. కాబట్టి అదే మన దారి. సింపుల్."

"గార్డు రోడ్డు దిగొద్దన్నడు గద మాస్టారూ," అంది ఓనరమ్మ.

"గార్డు నోటితో చెప్పాడమ్మా. ఇది రాసి ఉంది."

సార్ జీపు దిగి, టోపీ తీసి తల గోక్కున్నారు. "నాకైతే ఇట్లనే ఎక్కినట్టు యాదికున్నది. గానీ ఆ పొద్దు నేను ఏదో ఆలోచనల ఉంటి, నా యాదికి భరోసా లేదు. ఈ అమ్మాయి ఒక్క అక్షరం తప్పు రాయది. వాగు నాకు గనవడలే, ఆమెకు గనవడ్డది." నా వైపు తిరిగారు. "నువ్వు జెప్పమ్మా. మనం పోవాల్సింది యాడికెల్లి?"

పదిమంది నా వంక చూశారు. నా ఇరవై మూడేళ్ళ జీవితంలో పదిమంది ఒకేసారి నన్ను చూడటం అదే మొదలు. నేను చెప్పాను. పెదవులు కదిలాయి కూడా. ఎవరికీ వినబడలేదు. మాస్టారు అప్పటికే సైకిల్ ముందు చక్రం తారు మీద నుంచి మట్టి బాటలోకి దింపేశారు. ఇద్దరు ఆయన వెనకే తిప్పారు. ఓనరమ్మ కూడా హ్యాండిల్ అటు మళ్ళించింది. నేను రాసిన నాలుగు వాక్యాల వెంట, లేని సెలయేరును వెతుక్కుంటూ, తొమ్మిది మంది అడవిలోకి వెళ్ళిపోతున్నారు.

"ఆగండి!"

ఆ అరుపు ఎవరిదో అనుకున్నాను. నాదే.

"దారి ఇదేనండీ! రోడ్డు తప్పలేదు, కాగితమే తప్పు! వెదురు లేదు, సెలయేరు లేదు, చదునూ లేదు! నేను చూడలేదు మాస్టారూ... నేను నిద్రపోయాను! రెండు మాత్రలు వేసుకుని నిద్రపోయాను! అదంతా మా డాబా మీద కూర్చుని రాశాను!"

మాస్టారు చక్రాన్ని మెల్లగా తారు మీదకు లాక్కున్నారు. షీట్ ఎత్తి, నా వాక్యాలను మరోసారి చదివి, కళ్ళద్దాల పైనుంచి చూశారు. "నాకు నిన్నటి నుంచి ఒక డౌటు ఉందమ్మాయ్. ఇక్కడ 'సెలయేరు మనతోపాటే నడిచివస్తూ' అన్నావు. మనం వెళ్ళేది కొండ పైకి. నీళ్ళు కూడా మనతోపాటు పైకి ఎక్కుతాయా?"

తల దించుకున్నాను. అంతలో ఓనరమ్మ సైకిల్ స్టాండు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని పగలబడి నవ్వడం మొదలుపెట్టింది. "అగో! పిల్లకు నోరున్నదుల్లా! మూడేండ్ల సంది మా ఇంట్ల కిరాయికుంటున్నరు, గీ పిల్ల గొంతు ఇయ్యాలనే ఇంటున్న! మూగదేమో, అడుగుతే తల్లి మనసు నొస్తదని నేను అడగలే!" ఒకరి తర్వాత ఒకరు అందరూ నవ్వేశారు. ఒక్క సార్ తప్ప. ఆయన జీపెక్కి, మమ్మల్ని దాటుకుని పైకి వెళ్ళిపోయారు. జీపు శబ్దం మలుపు తిరిగి వినబడకుండా పోయాక ఉద్యోగం పోయిందని అక్కడే రాసేసుకున్నాను.

"ఏందట్ల నిలవడ్డవ్? పట్టు," అని ఓనరమ్మ తన సైకిల్ నా చేతికిచ్చింది. "నువ్వు పండుకున్న కాడికి నువ్వే నూకాలె. పా."

"మీ మోకాళ్ళు... నొప్పి అండీ..."

"నా మోకాళ్ళు దిగెటప్పుడు నొస్తయి గని ఎక్కెటప్పుడు ఏం గాదు. దిగెటప్పుడు జీపుల కూసుంట. నువ్వు సైకిల్ జూస్కో, నీ కాలు మీదికెళ్ళి పోతది."

అలా దాదాపు ఐదు కిలోమీటర్లు, తొమ్మిది సైకిళ్ళనూ నెట్టుకుంటూ ఎక్కాం. సైకిల్ హ్యాండిల్ ముట్టుకోవడం నాకదే మొదలు. అది మేక లాంటిది. మనం ఒక వైపు లాగితే తను రెండో వైపు పోతుంది. రెండు మలుపులు దాటాక మాస్టారు రాతి మీద కూలబడి, జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు. "తప్పు లెక్క వేస్తే నేను పిల్లల్ని ఏం చేసేవాణ్ణో తెలుసా? మళ్ళీ మొదటి నుంచి వేయించేవాణ్ణి. రాయమ్మా, పన్నెండు పాయింట్ ఎనిమిది. ఇక్కడ దేవుడు గుర్తొస్తాడు." నేను నిజంగానే షీట్ వెనక రాశాను. ఇక అందరూ అందుకున్నారు. "పదమూడున్నర, ఇక్కడ పెండ్లాం మాట ఇనకపోతిమే అనిపిస్తది" అని ఒకాయన. "పద్నాలుగు, నల్లమద్ది చెట్టు, నీడ మంచిగుంది, ఇక్కడ జర పండుకోవచ్చు. ఈ పిల్లనైతే పండుకోనియ్యొద్దు" అని ఓనరమ్మ. పదిహేను దగ్గర రోడ్డంతా తునికి ఆకులు రాలి, నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడైంది. అది మాత్రం ఎవరూ చెప్పకుండా నేనే రాసుకున్నాను. పదహారు దగ్గర గాలి మారింది. ఎవరో ఉన్నట్టుండి, "ఇందాకటి నుంచి ఒక్క బండి రాలేదు గమనించారా?" అన్నారు. అందరం నిలబడిపోయి విన్నాం. మా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎల్బీనగర్ నుంచి వచ్చిన వాళ్ళకు ఆ చప్పుడు ఎంత కొత్తదో చెప్తే అర్థం కాదు.

పైన సార్ రాతి గోడ మీద కూర్చుని లోయ వంక చూస్తున్నారు. నేను సైకిల్‌ను గోడకు ఆనించి (రెండుసార్లు పడ్డాక), ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. క్షమార్హురాలిని అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది గానీ నోరు తిరగలేదు.

"సరిగ్గా యాడికెల్లి నిద్రపోయినవమ్మా?" అన్నారు ఆయన, ఇటు తిరక్కుండానే.

"పదకొండు పాయింట్ నాలుగు నుంచి సార్."

"పదకొండు పాయింట్ నాలుగు." ఆయన ఆ అంకెను నాలుక మీద తిప్పి చూసుకున్నారు. "నేను మొదలువెట్టిందే ఆడ."

"ఏంటి సార్?"

"ఒక ముచ్చట. నేను నీ అంత ఉన్నప్పుడు గీ రోడ్డు మీదనే, గీ ఘాట్ మీదనే... ఇరవై ఏండ్ల సంది ఎవ్వరికి జెప్పలే. మా ఇంటామెకు గూడ జెప్పలే. ఆ పొద్దు రోడ్డు జూసేసరికి మనసాగక పైదాంక మొత్తం జెప్పిన. నువ్వు గంత నిమ్మలంగ ఇంటివి. నడ్మ నడ్మ తల గూడ ఊపితివి. దునియాల ఒక్కరన్న ఇన్నరు అనుకున్న."

(ఆ తల ఊపడం నాది కాదు, మలుపులది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అంతకు ముందే చెప్పిన నిజం ఆ రోజుకు చాలనిపించింది.)

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కరపత్రాల గురించి తిడతారనుకున్నాను. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. తప్పుడు దారి రాసినందుకు ఆయనకు కోపం రానే లేదు. "ఇప్పుడు చెప్పండి సార్. వింటాను. ఒట్టు," అన్నాను. ఆయన నవ్వి, తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. గది అడుగుతె రాదు. దానంతట అదే రావాలె." లేచి ప్యాంటు దులుపుకుని, ఎప్పటి గొంతుతో, "ఇగో, ఇను. నౌకరీ ఉంటది. గానీ ఇగ జీపు బంద్. సైకిల్ నేర్చుకో. నీ కాళ్ళతోని తొక్కిన దారే రాయాలె. సైకిల్ మీద ఎవ్వరు పండుకోరు," అన్నారు.

సైకిల్ నేర్పింది ఓనరమ్మే. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక వాళ్ళ చుట్టాలు వేసిన వెంచరు ఒకటుంది. పెద్ద ఆర్చీ, పార్కుకని వదిలిన ముళ్ళకంపల స్థలం, అడ్డంగా నిలువుగా తారు రోడ్లు. ప్లాట్లు అమ్ముడు కాలేదు గనుక మనిషి లేడు, బండి లేదు. మా వైపు ట్రాఫిక్ లేని దారి కావాలంటే అంతకన్నా దగ్గరలో దొరకదు. నెల రోజులు ఆదివారాలు అక్కడ పడ్డాను. వాచ్‌మన్ నన్ను ప్లాటు కొనడానికి వచ్చిన మనిషి అనుకుని ప్రతి వారం కుర్చీ వేసేవాడు. నేను పడ్డప్పుడల్లా, "ఈస్ట్ ఫేసింగ్ మేడమ్," అని నేను పడ్డ ప్లాటు గురించి చెప్పేవాడు. ఆ లెక్కన నేను పడని ఫేసింగ్ లేదు. ఓనరమ్మ గట్టు మీద కూర్చుని, "కిందికి జూడకు! ముంగట జూడు! పడితె పడ్డవ్ గని ముంగట జూడు!" అని అరుస్తుండేది. నేనూ తిరిగి అరిచేదాన్ని. ఇంటికొచ్చాకా ఆ గొంతు తగ్గకపోయేసరికి మా అమ్మ, "ఇదేంటే, నీకు ఈ గొంతెక్కడిదే?" అని ఆశ్చర్యపోయింది.

ఆ తర్వాత నేను చాలా దారులు తొక్కి రాశాను. ఆ పాత ఘాట్ రోడ్డు కూడా నాలుగుసార్లు ఎక్కాను. నాలుగోసారి దిగకుండా, నెట్టకుండా. మాస్టారి జట్టు చెప్పిన మాటలు ఇప్పటికీ ఆ షీట్‌లో అలాగే ఉన్నాయి, ఒక్క పెండ్లాం మాట తప్ప. (ఆ మాటన్న ఆయన భార్య రెండో ట్రిప్పుకు వచ్చింది.) పదకొండు నుంచి పదిహేడు దాకా ఇప్పుడు నాకు ప్రతి గుంటా తెలుసు. ఎక్కుతున్నంతసేపూ, సార్ ఇక్కడ ఏం చెప్పి ఉంటారు, ఈ మలుపు దగ్గర ఎవరు ఎదురొచ్చి ఉంటారు అని చూస్తుంటాను. సార్‌ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆయన పక్కన కూర్చున్నప్పుడల్లా కళ్ళు పెద్దవి చేసుకుని మెలకువగా ఉంటాను. ఆయన మీటరు గురించీ టైర్ల గురించీ చెప్తారు.

ఆ ఏడాది డైరీలో నేను నిద్రపోయిన ప్రయాణం నాటి పేజీ పైన తేదీ వేసి, "సార్ చెప్పిన కథ" అని రాసి, కింద ఖాళీగా వదిలేశాను. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. డాబా మీద ట్యాంకు నీడలో కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్లకు ఇస్తే గంటలో నింపేసేది, చదివి కళ్ళు కూడా తుడుచుకునేది. తనంటే నాకు ఇప్పుడు కోపం లేదు, కొంచెం ముద్దే వస్తుంది. పెన్ను మాత్రం తనకు ఇవ్వను.